సీరుకి ఇవ్వాలి

పెళ్ళయి అయిదు వారాలైన హ్రెప్నాకి ప్రతి చిన్నదీ పండగే. పొద్దున్నే కాఫీ పొంగడం పండగ, బస్సు వేళకి రావడం పండగ, మొగుడు ఓర్రి పొరపాటున ఆమె ఊలు టోపీ పెట్టుకుని పనిలోకి వెళ్ళిపోవడం ఇంకా పెద్ద పండగ. అందుకే మే నెలలో స్కాలర్‌షిప్ ఉత్తరాలు టైపు చేసే పని వచ్చినప్పుడు ఆఫీసులో మిగతావాళ్ళంతా తలో మూలకీ జారుకుంటే, ఆమె మాత్రం కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.

రేక్యావిక్‌లో విదేశీ విద్యార్థులకి ఐస్‌లాండిక్ నేర్పే శాఖ అది. ఆమె అందులో గుమాస్తా. జనవరిలో చేరింది. స్కాలర్‌షిప్‌లు ఏటా పదిహేను. అడిగేవాళ్ళు అరవై మందికి పైనే. ముగ్గురు పెద్దల కమిటీ కూర్చుని తేల్చాక, అందులో పెద్దాయన స్టేన్‌గ్రీముర్ ముత్యాల్లాంటి దస్తూరీతో ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ రాస్తాడు. ముగ్గురూ సంతకాలు పెడతారు. ఆ చీటీ చూసి హ్రెప్నా ఉత్తరం తయారు చేస్తుంది.

పదిహేనో చీటీ మీద ఇలా ఉంది: "ఈ స్కాలర్‌షిప్ సీరుకి ఇవ్వాలి."

హ్రెప్నా మారు ఆలోచన లేకుండా ఉత్తరం మీద "సీరా" అని పేరు కొట్టింది.

ఇందులో వింతేమీ లేదు. మనం రాముడు అంటాం, రాముణ్ణి అంటాం, రాముడికి అంటాం. ఐస్‌లాండ్ వాళ్ళ పేర్లూ అంతే, విభక్తి తగలగానే తోక మార్చుకుంటాయి. చివర "ఆ" ఉన్న ఆడపేరు, "కి" గాని "ని" గాని తగలగానే "ఊ" అని మూతి ముడుస్తుంది. సీరా వచ్చింది. సీరుని చూశాను. సీరుకి ఇచ్చాను. ఇది అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు. ఉగ్గుపాలతో వస్తుంది. ఫలానావాళ్ళకి ఇవ్వాలని చీటీలో ఉంటే, ఆ పేరుని మళ్ళీ మామూలు రూపానికి తిప్పి ఉత్తరం మీద వెయ్యడం హ్రెప్నా వేళ్ళకి తెలిసిన విద్య. బుర్ర దాకా వెళ్ళాల్సిన పనే లేదు.

పైగా సీరా అంటే ఆమెకి ప్రాణం. సెనెగల్ నుంచి వచ్చిన జాలరి కూతురు, పొద్దున పూట రేవులో చేపలు కోసి, మధ్యాహ్నం క్లాసుకి వచ్చే పిల్ల. వ్యాకరణం పరీక్షలో పదికి ఆరు వచ్చిన రోజు ఈ ఆఫీసు బల్ల మీదే తల ఆనించి ఏడ్చింది. పేరు సంగతి సరేసరి. ఆ భాషలో చర్చి గురువుని పాత రోజుల్లో దాదాపు అలాగే పిలిచేవాళ్ళు. క్లాసులో అందరూ "ఫాదర్‌గారూ, ఆశీర్వదించండి" అని ఆమెని ఏడిపించేవాళ్ళు. ఆమె కూడా చెయ్యెత్తి ఆశీర్వదించేది.

ఉత్తరం పోస్టులో వెయ్యబుద్ధి కాక హ్రెప్నా ఫోను చేసింది. ఇరవై నిమిషాల్లో సీరా రబ్బరు బూట్లతో, నెత్తిన చేపల ఫ్యాక్టరీ జాలీ టోపీతో ఊడిపడింది. ఉత్తరం చదివింది. తిప్పి చూసింది. మళ్ళీ చదివింది. తర్వాత హ్రెప్నాని నడుం పట్టుకుని నేల మీంచి అరగజం పైకి లేపేసింది.

"దించవే తల్లీ, కొత్త పెళ్ళికూతుర్ని!"

"నాకిది ఎంతో తెలుసా నీకు? శుక్రవారం లోపల పర్మిట్ కిటికీ దగ్గర కమిటీ కాగితం చూపించాలి. స్కాలర్‌షిప్ ఎంతకాలముంటే అంతకాలం ఉండనిస్తారు. లేకపోతే జూన్‌లో ఇంటికే. మా అన్నయ్య టికెట్ తీస్తానని రోజూ ఫోను. ఇప్పుడే చెప్పేస్తా, నీ టికెట్‌తో విమానం నువ్వే ఎక్కు, నేను రానని!"

చెప్పేసింది కూడా, అక్కడే నిలబడి, ఫోనులో అరుస్తూ. హ్రెప్నాకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అది మంగళవారం.

బుధవారం కాఫీ వేళకి కిటికీ దగ్గరికి ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. పల్చటి జుట్టు, బుజాన సంచీ, ముఖంలో ఏ భావమూ లేదు.

"నాకు ఉత్తరం రాలేదు," అంది.

"ఉత్తరం రాకపోతే స్కాలర్‌షిప్ రాలేదనే అర్థం అనుకోకు. కాదన్నవాళ్ళకి కూడా వేశాను, మర్యాదగా."

"అవుననీ రాలేదు. కాదనీ రాలేదు."

"అలా ఉండదే. పేరేమిటి?"

"సీరు."

హ్రెప్నా ముచ్చటపడింది. పాపం, కొత్తగా నేర్చుకుంటోంది, విభక్తులు తారుమారవుతున్నాయి. "ఎవరైనా నీ పేరు అడిగితే మామూలు రూపమే చెప్పాలి. సీరా అనాలి. సీరుకి, సీరుని, అవన్నీ తర్వాత," అంది ప్రేమగా.

"నా పేరు సీరు," అంది ఆ అమ్మాయి. "ఫిన్లండ్‌లో అదొక పేరు. మామూలు రూపమే సీరు. నాకు ఏది తగిలించినా సీరే."

హ్రెప్నా చేతిలో చక్కెర ముక్క కాఫీలో పడబోయి బల్ల మీద పడింది.

"ఈ స్కాలర్‌షిప్ సీరుకి ఇవ్వాలి." చీటీ మీద అక్షరాలు కళ్ళముందు గిర్రున తిరిగాయి. పెద్దాయన రాసింది ఈ పిల్ల గురించే అయితే? తను అలవాటు కొద్దీ ఒక అక్షరం మార్చి సీరాకిచ్చేసిందా? లేచి వెళ్ళి బీరువాలో వెతికింది. ఫైళ్ళన్నీ ఆ దేశపు పద్ధతిలో మొదటి పేర్ల వరసలోనే ఉన్నాయి. సీరా పేరుతో ఒక లావుపాటి ఫైలుంది. దాని పక్కన సీరు పేరుతో ఏమీ లేదు.

"నువ్వు అసలు దరఖాస్తు పెట్టావా?"

"ఫిబ్రవరిలో. ఈ కిటికీలోంచే ఇచ్చాను. నువ్వే తీసుకున్నావు. పక్కవాళ్ళతో పెళ్ళి గౌను గురించి మాట్లాడుతున్నావు."

హ్రెప్నా ముఖం కందిపోయింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సీరా వచ్చింది, చేతిలో పళ్ళెంతో. లోపల చేప కూరి వేయించిన, కజ్జికాయల్లాంటి వాటిని వేడివేడిగా మోసుకొచ్చింది.

"తినండి, తినండి! మా అమ్మ చెయ్యంత రాదు గాని... ఓ, సీరూ! నువ్వూ తీసుకో. నీకూ వచ్చిందా?"

"తెలీదు," అంది సీరు, ఒకటి తీసుకుని కొరుకుతూ. "ఇది బావుంది."

ఇద్దరూ పక్కపక్కన నిలబడి తింటున్నారు. హ్రెప్నా చేతిలోనూ ఒకటి పెట్టింది సీరా. అంత రుచైన పదార్థం అంత కష్టంగా గొంతు దిగడం హ్రెప్నాకి జీవితంలో అదే మొదటిసారి.

సాయంత్రం ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా ఓర్రి ముందు కూలబడింది. ఓర్రి ఈత కొలనులో కాపలాదారు. మునిగేవాళ్ళని తియ్యడం అతని వృత్తి.

"మునిగిపోయాను, ఓర్రీ."

"ఎంత లోతు?"

సంగతంతా చెప్పింది. ఓర్రి పకపకా నవ్వబోయి, ఆమె ముఖం చూసి నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు.

"మీ పెద్దాయన్ని అడిగితే పోలా?"

"ఫోను ఎత్తడు. మే నెల రాగానే ఫోను సొరుగులో పడేస్తాడట. గురువారం అయితే గాని ఆఫీసుకి రాడు, వచ్చినా సాయంత్రం. శుక్రవారం ఆ పిల్ల పర్మిట్!"

"ఫోను ఎత్తడేమో గాని మెడ ఎత్తుతాడు. రోజూ పొద్దున ఆరున్నరకి మా మూడో నంబరు వేడినీళ్ళ తొట్టిలో మెడ దాకా మునిగి కూచుంటాడు. కమిటీలో మిగతా ఇద్దరూ ఆ తొట్టిలోనే. నీ స్కాలర్‌షిప్‌లు తేల్చింది అక్కడే అయినా నేను ఆశ్చర్యపోను. రేపు నాతో రా. స్నానం చేసి, తల తడిపి, న్యాయం అడుగు."

మర్నాడు మంచు కలిసిన వాన పడుతోంది. వేడినీళ్ళ తొట్టి మీంచి ఆవిరి లేస్తోంది. అందులో మూడు తలలు. ఎర్రటి బట్టతల స్టేన్‌గ్రీముర్‌ది, పూల టోపీ తల వల్బోర్గ్‌ది, కళ్ళు మూసుకుని ఉన్నది బ్యార్ట్‌మార్‌ది. హ్రెప్నా నీళ్ళలోకి దిగింది. ఆ దేశంలో మంత్రినైనా మాస్టారినైనా పేరుపెట్టి నువ్వనే పిలుస్తారు. అయినా, ఈత బట్టల్లో పై అధికారి ముందు కూర్చుని తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

"స్టేన్‌గ్రీముర్, ఒక్క మాట. పదిహేనో స్కాలర్‌షిప్ ఎవరికి?"

"సీరుకి. రాసిచ్చాను కదా."

"ఏ సీరుకి?"

"ఏ సీరుకేమిటి? మన సీరుకి. ముగ్గురం కలిసి సీరునే ఎంచుకున్నాం. సీరు గురించి ఇంత చర్చ జరిగితే..."

"అలా కాదు! 'కి' వద్దు, 'ని' వద్దు, 'గురించి' అసలే వద్దు. ఊరికే పేరు చెప్పు. ఎవరామె?"

స్టేన్‌గ్రీముర్ నీళ్ళలోంచి గుండెల దాకా లేచాడు. విభక్తుల మీద ఆయన రాసిన లావుపాటి పుస్తకం చదవకుండా ఆ దేశంలో ఎవరూ బడి దాటలేదు. ఇలాంటి ప్రశ్న ఆయన్ని అడగడమే తప్పు. "ప్రథమా విభక్తి కావాలా నీకు? సీరా," అన్నాడు, ఒక్కో అక్షరం విడదీసి.

సీరా! హ్రెప్నా గుండెల మీంచి కొండ దిగింది. తను తప్పు చెయ్యలేదు. సీరాకే వచ్చింది. ఆ క్షణంలో మీద పడుతున్న మంచు వాన కూడా ఆమెకి పూలజల్లులా తోచింది.

"అసాధ్యురాలు," అన్నాడు ఆయన మళ్ళీ నీళ్ళలోకి జారుతూ. "కెరటాలకి మన భాషలో ఉన్న పేర్లని వాళ్ళ ఊరి జాలర్ల మాటలతో పోల్చి వ్యాసం రాసింది చూడు, చదువుతుంటే నా కాళ్ళు తడిశాయి. పైగా వ్యాకరణంలో పదికి తొమ్మిదిన్నర! రెండూ ఒక్కరిలో ఉండటం నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు."

హ్రెప్నా నీళ్ళలోంచి లేచి నిలబడింది.

"సీరాకి వచ్చింది ఆరు," అంది మెల్లిగా. "నా బల్ల మీదే ఏడ్చింది."

"తొమ్మిదిన్నర. నా కళ్ళతో చూశాను."

"తొమ్మిదిన్నర వచ్చింది ఫిన్లండ్ అమ్మాయికి. ఆమె పేరు సీరు. మామూలు రూపమే సీరు. కెరటాల వ్యాసం సెనెగల్ అమ్మాయిది. ఆమె సీరా. ఇద్దరు, స్టేన్‌గ్రీముర్. వాళ్ళు ఇద్దరు."

స్టేన్‌గ్రీముర్ ముఖం ఎరుపు లోంచి తెలుపుకి తిరిగింది. వల్బోర్గ్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అందుకా!" అంది చివరికి. "నాకు అప్పుడే వింతగా తోచింది. సెనెగల్‌లో పడవలో పుట్టిన పిల్ల ఫిన్లండ్ బళ్ళో చదివి, మంచు మీద జారే పోటీల్లో పతకం ఎలా కొట్టిందా అని."

బ్యార్ట్‌మార్ కళ్ళు తెరిచాడు. ఆ పొద్దున అదే మొదటిసారి. "నేను ఓటేసిందే ఆ పతకం చూసి. అంత ఎండలో పుట్టి, అంత మంచులో గెలిచి, ఏం జీవితమర్రా అనుకున్నా. అంటే... ఆ పిల్ల లేదా?"

"లేదు," అంది హ్రెప్నా.

"అసలే లేదా?"

"ఎక్కడా లేదు."

ఒడ్డు మీద నిలబడి వింటున్న ఓర్రి ఈలని నోట్లోంచి తీసేశాడు.

నలుగురూ తడి తలలతోనే ఆఫీసుకి వెళ్ళారు. హ్రెప్నా ఆ లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద తెరిచింది. ఒక అట్టలో రెండు దరఖాస్తులు. రెండో దాని పైన సీరు అని రాసి ఉండగా, ఎవరో చివరి "ఉ"ని రబ్బరుతో చెరిపి, పెన్సిలుతో "ఆ" దిద్దారు. దిద్దడం ముత్యంలా ఉంది.

స్టేన్‌గ్రీముర్ ఆ అక్షరాన్ని చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

"ఎవరో తెలియనివాళ్ళు దరఖాస్తు మీద పేరుని 'కి'లో వదిలేశారనుకున్నాను. సరిచేసి మొదటిదాంతో కలిపేశాను. నలభై ఏళ్ళుగా పిల్లల తప్పులు దిద్దుతున్నాను. ఒప్పుని దిద్దడం ఇదే మొదటిసారి."

"మొదటిసారని నీకెలా తెలుసు?" అంది వల్బోర్గ్.

ఆయన కోటు తీసి కుర్చీకి తగిలించి, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆఫీసు ఫోను తనే ఎత్తాడు. పై ఆఫీసు వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. విభక్తుల పుస్తకం రాసిన మనిషి విభక్తిలోనే కాలు జారాడన్న సంగతి మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకుతుందని తెలిసే చెప్పాడు. అవతలివాళ్ళు నవ్వడం హ్రెప్నాకి బల్ల ఇవతలికి కూడా వినబడింది. నవ్వయ్యాక వాళ్ళు తేల్చింది ఒకటే. పదహారో స్కాలర్‌షిప్ లేదు. కావాలంటే ఉన్నదాన్ని రెండుగా చెయ్యొచ్చు, ఒకరికి డిసెంబరు దాకా శరత్తు, ఒకరికి అక్కణ్ణించి జూన్ దాకా వసంతం.

ఏడాది కాస్తా ఆరు నెలలైంది. ఈ మాట ఆ పిల్లలకి చెప్పాల్సింది హ్రెప్నా.

మధ్యాహ్నం ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. ఎక్కడా నంగిరిగా మాట్లాడలేదు. తను చేసిందీ, పెద్దాయన చేసిందీ, తొట్టిలో బయటపడ్డదీ పూసగుచ్చినట్టు చెప్పింది. పతకం మాట దగ్గర సీరు కనుబొమ్మ ఒక్కటి పైకి లేచింది. సీరా మాత్రం నవ్వలేదు. మంగళవారం నాటి ఉత్తరం సంచీలోంచి తీసి, మడత విప్పి, బల్ల మీద పెట్టింది. అది అప్పటికే మడతల దగ్గర మెత్తబడిపోయింది.

"ఇందులో నా పేరే ఉంది కదా," అంది.

"ఉంది."

"నా పేరు చూసే ఇచ్చావు కదా."

"నిన్ను చూసే ఇచ్చాను. కానీ..."

"మీ భాషలో నా పేరు కూడా నాది కాదా, హ్రెప్నా?"

హ్రెప్నా ఆ ఉత్తరాన్ని పాత మడతల ప్రకారమే మడిచి ఆమె ముందుకి జరిపింది.

సీరా ముఖం పక్కకి తిప్పుకుంది. "ఆరు నెలల కాగితానికి ఆరు నెలల పర్మిటే. డిసెంబరులో ఇంటికి. మళ్ళీ మొదట్నించీ అడుక్కోవాలి. ఒకసారి వెళ్తే ఎవరు రానిస్తారు? వసంతంలో డబ్బులు లేకపోయినా ఫర్వాలేదు, రేవులో ఇంకో నాలుగు చేపలు ఎక్కువ కోసుకుంటాను. కాని ఇక్కడుంటే కదా కొయ్యడానికి!" చెంపలు తుడుచుకుంది. "అన్నయ్యకి నేనేం చెప్పను? మొన్ననే కదా, రాను పొమ్మన్నాను."

సీరు తన కాఫీ మొత్తం తాగి కప్పు కింద పెట్టింది.

"శరత్తు ఆమెకి రాయండి. నాకు వసంతం," అంది. "మా దేశం వాళ్ళకి ఇక్కడ ఉండటానికి పర్మిట్ అక్కర్లేదు. డిసెంబరు దాకా ఏదో ఒక బేకరీలో పనిచేస్తా. రొట్టె పిండికి విభక్తులు ఉండవు."

ఆమె నోటి నుంచి ఒక్కసారే అన్ని మాటలు రావడం ఆ ఇద్దరూ అంతకుముందు వినలేదు.

స్టేన్‌గ్రీముర్ సాయంత్రం కొత్త చీటీ రాశాడు. ముగ్గురూ సంతకాలు చేశారు. ఎప్పటిలాగే మొదటి పేర్లు, ఎప్పటిలాగే ఒకే ఒక్క వాక్యం, ఎప్పటిలాగే చిన్న దోషం లేని వ్యాకరణం. హ్రెప్నా దాన్ని కవరులో పెట్టింది. ఈసారి దానిమీద వేలు కూడా ఆడించలేదు. పర్మిట్ కిటికీ వాళ్ళకి టైపు ఉత్తరాలు పనికిరావు, సంతకాలున్న అసలు చీటీయే కావాలి.

శుక్రవారం ముగ్గురూ కలిసి వెళ్ళారు. సాక్షిగా హ్రెప్నా, ఊరికే సీరు, పాస్‌పోర్టు రెండు చేతులా పట్టుకుని సీరా. గంట సేపు వరసలో నిలబడ్డారు. హ్రెప్నా దారిలో కొన్న మూడు దాల్చినచెక్క బన్నులు సంచీలోనే ఉన్నాయి. ఎవరికీ తినబుద్ధి కాలేదు.

కిటికీ వెనకావిడ కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, ఒడిలో అల్లిక పెట్టుకుని కూర్చుంది. చీటీ అందుకుని, కళ్ళజోడు దించి, పైకి చదివింది.

"'ఈ స్కాలర్‌షిప్ శరత్తులో సీరుకి, వసంతంలో సీరుకి ఇవ్వాలి.'"

పాస్‌పోర్టు తెరిచింది. "సీరా. నువ్వేనా?"

"నేనే."

ఆవిడ చీటీ ఇంకోసారి చూసి పెదవి విరిచింది. "శరత్తులో సీరుకిట, వసంతంలో సీరుకిట! ఏడాదంతా సీరుకి అని రాస్తే సిరా అయిపోతుందా? ఈ ప్రొఫెసర్లకి ఏదీ తిన్నగా చెప్పడం చేతకాదమ్మా." అంటూనే ముద్ర అందుకుంది. సిరాపెట్టెలో అద్దింది. టప్.

"ఇదిగో, వచ్చే ఏడాది జూన్ దాకా."

హ్రెప్నాకి చెవులు గింగురుమన్నాయి. తను విన్నది నిజమేనా? పక్కన సీరా రాయిలా నిలబడిపోయింది. పాస్‌పోర్టులో తేదీ చూసింది, కిటికీ వెనకావిడని చూసింది. "అలా కాదు," అని మొదలుపెట్టింది, ఆ పిచ్చి పిల్ల, నిజాయితీగా. "వసంతంలో ఆ సీరు..."

మాట పూర్తి కాకుండానే "అబ్బా!" అంది. సీరు ఆమె కాలు తొక్కింది, బూటు మడమతో, ముఖంలో గీత కూడా కదలకుండా.

"ఏమైంది?" అంది కిటికీ వెనకావిడ.

"ఏమీ లేదు," అంది సీరు. "వసంతంలో సీరు. సరిగ్గా చదివావు."

ఆవిడ కళ్ళు సీరు మీంచి సీరా మీదికి, అక్కణ్ణించి హ్రెప్నా మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు మీదికి వచ్చాయి. "నువ్వు ఆ శాఖలో పనిచేస్తావు కదూ? ఈ చీటీ సరిగ్గానే ఉందా? దిద్దాల్సిందేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు, తర్వాత నా నెత్తి మీదికి తేవొద్దు."

హ్రెప్నా చీటీ చేతిలోకి తీసుకుంది. ఉన్నది ఒక్కటే వాక్యం. రెండు సీరులు. మొదటిది విభక్తికి తలకాయ దించుకున్న సీరా, రెండోది ఎప్పుడూ నిలబడే ఉండే సీరు. దగ్గరికి తెచ్చి చూసినా దూరంగా పెట్టి చూసినా వాటిలో తేడా లేదు. స్టేన్‌గ్రీముర్ నలభై ఏళ్ళ విద్య అంతా అందులో ఉంది. ఒక్క అక్షరం ఇటు మారిస్తే చాలు, పక్కనున్న పిల్ల డిసెంబరులో విమానం ఎక్కుతుంది. మార్చకపోతే నష్టపోయేవాళ్ళు ఎవరా అని వెతికింది. వసంతం డబ్బు వసంతం సీరుకే వెళ్తుంది. నష్టపోయేవాళ్ళు ఎవరూ కనబడలేదు.

ఈ వ్యవహారంలో ఒక అక్షరం పెద్దాయన దిద్దాడు, ఒక అక్షరం తను దిద్దింది. దిద్దినందుకే కదా ఇంత జరిగింది.

"సరిగ్గానే ఉంది," అంది హ్రెప్నా. "అందులో దిద్దాల్సింది ఏమీ లేదు."

బయటికి వచ్చాక మెట్ల మీద సీరా కాలు పట్టుకుని కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలిసినట్టు లేదు. సీరు హ్రెప్నా సంచీలోంచి బన్నుల పొట్లం తనే తీసి, ఒకటి సీరా చేతిలో పెట్టింది.

"తిను. తర్వాత అన్నయ్యకి ఫోను చెయ్యి."